హస్తవాసి

ఆ మాట సూర్యనారాయణగారు కోపంతో అనలేదు. కోపంతో అని ఉంటే మంజుశ్రీకి జవాబు చెప్పడం తేలికయ్యేది. చేతిలోని టీ కప్పును కిటికీ గట్టు మీద పెట్టి, ల్యాబ్ నిండా కూర్చున్న పిల్లల వంక ఒకసారి చూసి, ఇంట్లో గిన్నె జారవిడిచిన ఆడపిల్లను ఓదార్చే పెద్దమనిషిలా నవ్వుతూ అన్నారు.

"కొందరి హస్తవాసి అంతేనమ్మా. నువ్వు మాత్రం ఏం చేస్తావు, పాపం."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మంజుశ్రీ అటు చూడలేదు. ఆమె చూపు ఎదుట ఉన్న లాప్‌టాప్ మీదే ఉంది. నీలిరంగు తెర నడుమ తెల్లటి చిన్న పెట్టె. కంప్యూటర్ అనుకోకుండా రీస్టార్ట్ అయిందనీ, ఇన్‌స్టలేషన్ ఇక ముందుకు సాగదనీ, అంతా మొదటినుంచి చేసుకోవలసిందేననీ అందులో ఇంగ్లీషులో రాసి ఉంది. కింద 'ఓకే' అన్న బొత్తం ఒక్కటే. అది నొక్కితే యంత్రం ఆరిపోయి, తిరిగి వెలిగి, అదే పెట్టెను అదే చోట చూపిస్తుంది. ఒప్పుకోవడం తప్ప మరో జవాబుకు తావివ్వని ఆ బొత్తమూ, సూర్యనారాయణగారి నవ్వూ ఒక జాతికి చెందినవని ఆమెకు అనిపించింది.

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, మూడో అంతస్తులో ఉన్న ఆ సాఫ్ట్‌వేర్ శిక్షణ సంస్థకు సూర్యనారాయణగారు యజమాని. మంజుశ్రీ అక్కడ ల్యాబ్ ఇన్‌ఛార్జి. అక్కడి యంత్రాల్లో ఆమె విప్పి బిగించనిది లేదు. ఇప్పుడు మొరాయిస్తున్న లాప్‌టాప్ మాత్రం సంస్థది కాదు, తేజది. తణుకు నుంచి వచ్చి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో మంచం అద్దెకు తీసుకుని, ఇంజనీరింగ్ పట్టాతో ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రాడు తేజ. శనివారం ఉదయం అతనికి ఒక కంపెనీవారి ఆన్‌లైన్ పరీక్ష ఉంది. పరీక్ష రాసేవాణ్ణి కెమెరాలోంచి కాపలా కాసే ప్రోగ్రామ్, ఎవరో దొంగకాపీ వేసి ఇచ్చిన పాత సిస్టమ్ మీద నడవలేదు. అందుకని ఉన్నదంతా తుడిచి, అసలైనది కొత్తగా వేయాలి. మంగళవారం భోజనాల తర్వాత మంజుశ్రీ పెండ్రైవ్ పెట్టి, ఫైళ్ళు ఎక్కడం మొదలయ్యేదాకా దగ్గరుండి, పక్క గదిలో క్లాసుకు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఈ పెట్టె ప్రత్యక్షమైంది.

"మధ్యలో ఎవరైనా ముట్టుకున్నారా?" అని అప్పుడే అడిగింది.

"నేనిక్కడే ఉన్నా మేడమ్. పాడయ్యే పనేం చెయ్యలేదు," అన్నాడు తేజ, చార్జర్ తీగను వేలికి చుట్టుకుంటూ.

ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే హస్తవాసి అన్న మాట ఆమె వెంటే దిగింది. పెండ్రైవ్ చెడిందంటే ఇంకోటి పెట్టి చూపించవచ్చు. డిస్కు చెడిందంటే పరీక్షించవచ్చు. చెయ్యి చెడ్డదంటే ఏం మార్చి చూపించాలి? అన్నవాడు ఏదీ నిరూపించనక్కరలేదు. పడ్డవాడికి నిరూపించే దారి లేదు. ఆ మాటలోని నేర్పు అంతా అక్కడే ఉంది.

*

బుధవారం ఆమె అందరికన్నా ముందు వచ్చింది. లాప్‌టాప్‌ను బోర్లా తిప్పి, అడుగు మరలు విప్పి, అవి కలిసిపోకుండా విప్పిన వరసలోనే కాగితం మీద పేర్చింది. ఫ్యాను రెక్కల మధ్య గడ్డకట్టిన దుమ్మును కుంచెతో దులిపింది. ర్యామ్ ముక్కను బయటికి లాగి, దాని బంగారు పళ్ళను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, తిరిగి గాడిలో కూర్చోబెట్టింది. టిక్కుమన్న చప్పుడు విన్నాకే వేలు తీసింది. డిస్కును పరీక్షకు పెట్టింది. పాతది, నిదానస్తురాలు, రోగం మాత్రం లేదు. పెండ్రైవ్‌ను ల్యాబ్‌లో మరో యంత్రానికి పెట్టి చూసింది. ఏ గొడవా లేకుండా పని పూర్తయింది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే నయం చేసిందేదో తెలియదు. ఆమె చదువంతటిలో తనకు అక్కరకొచ్చిన సూత్రం అదొక్కటే.

ఏ దోషమూ కనబడలేదు. అంటే బయటినుంచే ఏదో జరుగుతోంది.

పదకొండు దాటాక మళ్ళీ ఇన్‌స్టలేషన్ మొదలుపెట్టి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. పక్కన తేజ. కాసేపటికి సూర్యనారాయణగారు గుమ్మంలోంచి తొంగిచూశారు.

"మంజుశ్రీ, ఈ పాంప్లెట్ల కట్ట పంజాగుట్ట ఆఫీసులో ఇచ్చి రామ్మా. అక్కడ అయిపోయాయట."

"ఇది అయ్యాక పోతా సార్."

"అది దానంతటదే అవుతుంది కదమ్మా. నువ్వు కూర్చుని చూస్తే తొందరగా అవుతుందా ఏంటి?"

నిజానికి ఆ మాటలో తప్పులేదు. ఆమె కట్ట చంకన పెట్టుకుని బయలుదేరింది. మెట్రోలో ఒక్క స్టేషన్. పంజాగుట్ట ఆఫీసంటే వంతెన పక్క చెప్పుల దుకాణం మీద ఒక అద్దాల గది. అందులో ముగ్గురు అమ్మాయిలు చెవులకు ఫోన్లు తగిలించుకుని, ఊళ్ళలోని తల్లిదండ్రులతో ఒకే పాఠం వల్లిస్తున్నారు. "మీ బాబుది బీటెక్ అయిపోయిందా అండీ? ఇప్పుడు ఖాళీగానే ఉన్నారా అండీ?" నాలుగో కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద ఎవరిదో చున్నీ ఆరేసి ఉంది.

దారిలో భోజనం ముగించి, రెండింటికి తిరిగి వచ్చేసరికి ల్యాబ్‌లో మళ్ళీ అదే. నీలిరంగు తెర, తెల్ల పెట్టె.

సూర్యనారాయణగారు ఈసారి ఆమెను తన గదిలోకి పిలిచారు. వెంకటేశ్వరస్వామి పటం కింద కూర్చుని, గొంతు తగ్గించి చెప్పారు.

"పిల్లలు భయపడుతున్నారమ్మా. తమ లాప్‌టాప్‌లు నీకివ్వడానికి వెనకాడుతున్నారు. రేపట్నించి ల్యాబ్ గిరిబాబు చూసుకుంటాడు. రేపూ ఎల్లుండీ నువ్వు రిసెప్షన్లో కూర్చో. సోమవారం నుంచి పంజాగుట్ట. నీ మాటతీరు బాగుంటుంది కూడాను."

"నా పనిల తప్పు ఏందో చెప్పండి సార్. చెప్తే దిద్దుకుంట."

"తప్పని ఎవరన్నారు?" ఆయన నిజంగానే నొచ్చుకున్నట్టు చూశారు. "నిన్ను నేనొక్క మాటన్నానా?"

*

యూసుఫ్‌గూడలో వాళ్ళ ఇంటి ముందుగదే ఆమె తండ్రి ఎల్లేశం కుట్టుమిషను గది. సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసిన చేతులు ఇప్పుడు జాకెట్లు కుడుతున్నాయి. మంజుశ్రీ చెప్పులు విడిచేసరికి ఆయన ఒక పట్టుగుడ్డకు సుద్దముక్కతో గీత పెడుతున్నాడు. ఆమె గడపమీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. మిషను చక్రం మీద చెయ్యి పెట్టి, తిప్పకుండా విన్నాడు.

"చెయ్యి మంచిగ లేదన్నడా? నిన్ను?"

"పంజాగుట్టల ఫోన్లు చెయ్యాల్నట. పదో తరగతి పిల్లకిచ్చే పని."

"గదంత లోకం తీరు బిడ్డ. ఇగో, గీ పట్టుబట్ట జూడు. పెండ్లిపిల్ల మొదటి జాకెట్టు నేనే కుట్టాల్నని కృష్ణానగర్ నుంచి వచ్చిండ్రు. నా చేతిగుణం మంచిదట. ఇయ్యాల పన్నెండు గొట్టంగ వచ్చి గీ అరుగు మీదనే కూసున్నరు. రాహుకాలమట, ఒంటిగంటన్నర దాంక బట్ట నా చేతుల పెట్టలే. మంచిదంటే కాదంటనా? గిరాకీని ఎల్లగొడుతనా?"

"ఇయ్యాల మంచిదన్న నోరే రేపు చెడ్డదంటది బాపు. రెండు మాటలు ఒక్కటే."

ఎల్లేశం సూదిలోకి దారం ఎక్కించుకోవడానికి తల వంచాడు. ఆమె మాత్రం లేవబోయి ఆగిపోయింది.

పన్నెండు గంటలు. తను పంజాగుట్ట మెట్లెక్కుతున్న వేళ. బుధవారం రాహుకాలం పన్నెండుకు మొదలవుతుంది. మంగళవారం మూడింటికి. మొదటిసారి చెడింది తన మూడింటి క్లాసు నడుస్తుండగా. రాహుకాలం రోజుకొక వేళకు జరుగుతుంది కాబట్టి రెండు పొద్దులూ వేరుగా కనబడ్డాయి, కనుకనే తట్టలేదు.

సూర్యనారాయణగారి ఫోను రోజూ ఆ వేళకు ఒక శ్లోకం చదువుతుంది. అది వినగానే ఆయన పెన్నుకు మూత పెడతారు; అడ్మిషన్ రాయరు, కొత్త బ్యాచ్ మొదలుపెట్టరు. ఇన్‌స్టలేషన్ నడుమ యంత్రం తనంతట తాను ఆరి వెలుగుతుంది. ఆ వెలగడాన్ని ఆయన కొత్త ఆరంభమనుకుని ఉంటాడు. రాహుకాలంలో వెలగకూడదని బొత్తం నొక్కి ఆపేసి ఉంటాడు. తనను పంజాగుట్ట పంపింది అందుకే. ఆయనే దాని గొంతు కోసి, నెత్తురు తన చేతికి పూశాడు.

ఆ పూట ఆమెకు అన్నం సహించలేదు. ఆకలి స్థానంలో కోపం కూర్చుంది.

*

గురువారం రిసెప్షన్ కుర్చీని ఆమె కొద్దిగా పక్కకు జరుపుకుంది. అక్కడినుంచి ఎడమవైపు యజమాని గది తలుపు, కుడివైపు అద్దం గోడ వెనక ల్యాబ్, రెండూ కనిపిస్తాయి. ల్యాబ్‌లో జావా చెప్పే గిరిబాబు తేజ లాప్‌టాప్ ముందు కూర్చుని, కాసేపు చూసి, ఇన్‌స్టలేషన్ నడుస్తుండగా భోజనానికి బయటికొచ్చాడు.

"నడుస్తున్నది అక్క. మస్తు నడుస్తున్నది," అన్నాడు మెట్లు దిగుతూ. "ఫికర్ చెయ్యకు, నీ పేరు సుత నిలబెడత."

ఆమె గోడగడియారాన్ని చూస్తూ కూర్చుంది. ఒంటిగంటన్నరకు యజమాని గదిలో ఫోను శ్లోకం అందుకుంది. తలుపు తెరుచుకుంది. సూర్యనారాయణగారు బయటికి వచ్చారు. ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఆయన కుళాయి దగ్గరకు వెళ్ళి, చేతులు కడుక్కుని, తిరిగి గదిలోకి పోయి, పెరుగన్నం డబ్బా మూత తీశారు.

అంతే. ఆయన మళ్ళీ లేవలేదు.

ఆమె తల కుడివైపు తిప్పింది. అద్దం వెనక తేజ ఒక్కడే ఉన్నాడు. ఎడమచేత్తో ఫోను చెవికి ఆనించుకున్నాడు. కుడిచేతి చూపుడువేలు లాప్‌టాప్ పవర్ బొత్తం మీద ఉంది. నొక్కి, ఎత్తకుండా, కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు. తెర నల్లబడింది.

ఆమె తలుపు తోసుకుని లోపలికి వెళ్ళేసరికి, "ఆపేశానమ్మా, ఆపేశా. రాహుకాలం వెళ్ళాక వేస్తాలే," అంటున్నాడు ఫోనులో. ఆమెను చూసి ఫోను కిందికి దించాడు.

"మొన్న?" అంది.

"మేడమ్..."

"నిన్న?"

"పాడుచెయ్యలేదు మేడమ్. ఊరికే ఆపాను, అంతే. కొత్త సిస్టమ్ మొదటిసారి లేచే టైమ్ కదా. దానికది పుట్టే టైమ్ లాంటిది. రాహుకాలంలో లేస్తే శనివారం పరీక్ష ఏమవుతుందోనని... మా అమ్మ మరీ మరీ చెప్పింది."

"నువ్వు చదివింది ఏం బీటెక్?"

"కంప్యూటర్ సైన్స్ మేడమ్."

"సార్ నన్ను అందరి ముందట ఆ మాట అన్నప్పుడు, నువ్వు నా పక్కనే కూసున్నవు."

తేజ తల దించుకున్నాడు. అతను చెప్పిన జవాబు ఆమెను కొట్టినంత పని చేసింది. అందులో అబద్ధం లేదు కాబట్టి.

"నేను ఆపడం వల్ల అనుకోలేదు మేడమ్. నిజంగా మీ చెయ్యి వల్లే అనుకున్నా."

గిరిబాబు పళ్ళలో పుల్లతో లోపలికి వచ్చి, నల్లని తెరను చూసి నిలబడిపోయాడు. "అరె, గిది నాకు సుత పోయిందా? మంగళవారమే నీ చెయ్యి పడ్డది గదక్క దీని మీద," అన్నాడు సగం నవ్వుతూ. ఆమె ముఖం చూసి తక్కిన సగం నవ్వు మింగేశాడు.

మంజుశ్రీకి తన మీద కూడా కోపం వచ్చింది. ఒక్క రుజువూ లేకుండా, రాత్రంతా ఒక మనిషిని దోషిని చేసి కూర్చుంది. ఆ కోపాన్ని పక్కన పెట్టి, తేజ మోచెయ్యి పట్టుకుని యజమాని గదిలోకి నడిపించింది.

సూర్యనారాయణగారు అంతా విన్నారు. డబ్బా మూత పెట్టి, తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుని, తేజను బయటికి పొమ్మన్నారు. తలుపు మూసుకున్నాక ఆమె ఎదురుచూడని మాట ఒకటి అన్నారు.

"రాహుకాలం మీద నాకేం నమ్మకం ఉందమ్మా? మా ఇంట్లో ఎవరం చూడం. పిల్లల తల్లిదండ్రులు అడుగుతారు. బ్యాచ్ ఎన్నింటికి మొదలని అడిగేవాళ్ళకన్నా, ఏ ముహూర్తానికని అడిగేవాళ్ళే ఎక్కువ. ఫోనులో శ్లోకం వాళ్ళ కోసం."

"మరి హస్తవాసి సార్?"

"ఏదో నోటికొచ్చింది." ఆయన చెయ్యి గాలిలో తేలిగ్గా ఆడించారు. "పెండ్రైవ్ పాడైందని చెబుదాం. సోమవారం ల్యాబ్ గుమ్మంలో గుమ్మడికాయ కొట్టించి, నిన్నే ముందు అడుగు పెట్టమంటా. అందరి నోళ్ళూ మూతపడతాయి."

నమ్మి అన్న మాటైతే ఇంత నొప్పి ఉండేది కాదు. నమ్మకుండానే అన్నాడు. ఒక మనిషి పనిని, పేరును, రోజును తీసుకుపోయి పంజాగుట్టలో ఖాళీ కుర్చీలో పడెయ్యడానికి ఆయనకు నమ్మకం కూడా అవసరం లేకపోయింది.

"గుమ్మడికాయ వద్దు సార్. రేపు పొద్దున పదిన్నరకు నేను మళ్ళ వేస్త. అందరి ముందట."

"రేపు శుక్రవారం. పదిన్నరంటే..."

"అవును సార్. అప్పుడే."

ఆయన తువ్వాలు మడిచి పక్కన పెట్టారు. "అది గనక కాకపోతే, ఇక నేనేం చెయ్యలేనమ్మా. సోమవారం నువ్వు పంజాగుట్టే."

"కాకపోతే నేనే పోత."

*

శుక్రవారం ల్యాబ్ నిండిపోయింది. కుర్చీలు చాలనివాళ్ళు గోడలకు ఆనుకున్నారు. యజమాని గదిలోంచి శ్లోకం వినబడటం మొదలుకాగానే మంజుశ్రీ పెండ్రైవ్ పెట్టింది. తేజను పక్క స్టూలు మీద కూర్చోబెట్టి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకోమంది.

పాత విభాగాలన్నీ ఒక్కొక్కటే తుడిచింది. ఖాళీ జాగా ఎంచి, ముందుకు సాగమంది. అంకెలు నిదానంగా పైకెక్కుతుంటే, తెర నుంచి కళ్ళు తీయకుండా చెప్పింది.

"ముందు ఫైళ్ళు ఎక్కుతాయి. తర్వాత యంత్రం ఆరి, లేచి, తనను తాను కట్టుకుంటుంది. ఎక్కడిదాకా కట్టిందో గుర్తు పెట్టుకుంటూ పోతుంది. ఆ నడుమ బొత్తం నొక్కి చంపితే, లేచాక ఎక్కడున్నదో దానికి తెల్వదు. అందుకే ముందుకు పోనంటది. మా సిరిసిల్లల నడుస్తున్న మగ్గం మీద పడుగు దారాలు కోసేసి, మళ్ళ స్విచ్ వేస్తే బట్ట రాదు. మగ్గానిది దోషం కాదు, వేసినోళ్ళ చేతిది కాదు. కోసినోడిది."

తేజ చెవులు ఎర్రబడ్డాయి.

తెర నల్లబడింది. మొదటి రీస్టార్ట్. ఆ పాత డిస్కు లేవడానికి చాలాసేపు తీసుకుంది. ఆ నలుపులో తన ముఖం, వెనక బారులు తీరిన ముఖాలు కనిపించాయి. ఇప్పుడు డిస్కు నిజంగానే పోతే? అది యాదృచ్ఛికమని ఈ గదిలో ఒక్కరూ ఒప్పుకోరు. ఒక్కసారి గెలిచినంత మాత్రాన ఏదీ రుజువు కాదనీ ఆమెకు తెలుసు. రుజువు నిన్న అద్దంలోంచి కనబడింది, ఆ వేలి రూపంలో. ఇవాళ్టిది రుజువు కాదు. దెబ్బకు దెబ్బ.

తేజ కుడిచెయ్యి మోకాలి మీద నుంచి లేచింది. అతనికి తెలియకుండానే లేచినట్టుంది. ఆమె ఆ మణికట్టు పట్టుకుని తిరిగి మోకాలి మీద పెట్టింది. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరగసాగాయి. మళ్ళీ ఆరింది. మళ్ళీ లేచింది. ఏ దేశం, ఏ భాష, ఏ పేరు అని అడిగింది. పేరు దగ్గర ఆమె 'తేజ' అని కొట్టింది. కాసేపటికి కొత్త తెర నిండుగా పరుచుకుంది. గోడ మీద గడియారంలో ఇంకా పన్నెండు కాలేదు.

ఆమె పెండ్రైవ్ తీసి మూత పెట్టింది. లేచి నిలబడింది. ఎవరైనా ఒక మాట అంటారని ఎదురుచూసింది. తప్పైందనో, తెలియలేదనో, కనీసం అట్లనా అనో.

తేజ లాప్‌టాప్ అంచును తాకి, వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. వెనకనుంచి గిరిబాబు మరో లాప్‌టాప్ ఎత్తుకుని ముందుకు వచ్చాడు.

"అక్క, జర దీనికి సుత నువ్వే స్టార్ట్ చెయ్యి. రాహుకాలంల సుత ఎక్కించినవంటే నీ చెయ్యి మామూలు చెయ్యి కాదు."

అతని వెనక ఇంకో అమ్మాయి సంచిలోంచి తన లాప్‌టాప్ తీస్తోంది. ఆమె వెనక మరొకడు. గుమ్మంలో నిలబడిన సూర్యనారాయణగారి ముఖంలో మంగళవారం నాటి నవ్వే, ఒక్క గీత మారకుండా ఉంది.

"నేననలేదూ, అంతా హస్తవాసి అని? ల్యాబ్ నీదేనమ్మా. ఎక్కడికీ పంపను. ఇకమీదట ఏ బ్యాచ్‌కైనా మొదటి బొత్తం నీ చేత్తోనే నొక్కిస్తా."

ఆమె గెలిచిందని గదిలో అందరూ అనుకుంటున్నారు. ఆ ఒక్క మాటను ఒప్పుకుంటే చాలు, కుర్చీ దక్కుతుంది, పేరు దక్కుతుంది. మంచిదంటే కాదంటనా అన్న తండ్రి గొంతు ఆమె చెవిలో ఆడింది. ఆయన్ను తప్పుపట్టలేకపోయింది. ఆయనలా తల వంచనూ లేకపోయింది. మంగళవారం కన్నా ఎక్కువ కోపం ఆమె మెడ నరాల్లోకి ఎక్కింది.

"మేడమ్," అన్నాడు తేజ చిన్నగా. "రేపు నా పరీక్ష తొమ్మిదిన్నరకి. శనివారం తొమ్మిది నుంచే రాహుకాలం. మీరు ఒక్కసారి వచ్చి లాగిన్ బొత్తం మీ చేత్తో..."

మంజుశ్రీ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ల్యాబ్ నాదే సార్. పని నాకు వచ్చు కాబట్టి నాది," అంది గుమ్మం వైపు చూసి. తర్వాత తేజ వైపు తిరిగింది. "నీ చేతులేవి?"

అతను అర్థంకాక అరచేతులు చాపాడు.

"పవర్ బొత్తం మూడు రోజులు భేషుగ్గ నొక్కినవి గదా. వాటితోనే నొక్కు."

గిరిబాబు తన చేతుల్లోని లాప్‌టాప్‌ను బల్ల మీద దించాడు. ఆమె వెనక్కి పెట్టుకున్న చేతులు ముందుకు తీయలేదు. ఏ బొత్తం నొక్కాలో గిరిబాబుకు నోటితోనే చెప్పి, అతను నొక్కేదాకా అట్లాగే నిలబడింది. గోళ్ళు అరచేతుల్లోకి దిగుతున్నాయి. వరసలో తర్వాతి అమ్మాయి ముందుకు రావాలో వద్దో తేల్చుకోలేక, తన వేళ్ళ వంక చూసుకుంది.